తెరతాడు మాస్టారు

మా హైస్కూల్లో కాశీరావు గారికి చెప్పడానికి పాఠం లేదు. ఎగతాళికి అనడం లేదు, ఉన్నమాటే. ఆయన నేత నేర్పే క్రాఫ్టు మాస్టారు. డెబ్బైల్లో ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు హైస్కూలు పిల్లలకి ఏదో ఒక చేతిపని నేర్పాలని ఉండేదట. నేను లెక్కల టీచరుగా పామర్రు దగ్గరి ఆ బడికి బదిలీ మీద వచ్చేసరికి తొంభై నాలుగు. అప్పటికి చేతిపని పరీక్షల్లోంచి పోయింది, టైంటేబుల్లోంచి పోయింది, మాస్టారు మాత్రం మిగిలారు. క్రాఫ్టు రూములో మూడు మగ్గాలుండేవి. ఒకదాని మీద విరిగిన బెంచీలు పేర్చారు. ఇంకోదాని మీద ఎన్నికలప్పటి అట్టపెట్టెలు. మూడోదాని మీద కాశీరావు గారి తువ్వాలూ, భోజనం క్యారియరూ.

పాఠం లేని మాస్టారికి పని ఉండదనుకుంటే పొరపాటు. జనాభా లెక్కలొస్తే ఆయన, పోలియో చుక్కలొస్తే ఆయన, ఓటర్ల జాబితాలొస్తే ఆయన. కాళ్ళకి చక్రాలు కట్టుకుని తిరిగేవారు. వీటికి తోడు ప్రతి జూన్లోనూ పైనుంచి ఒక కాగితం దిగేది. బళ్ళో సైన్సు క్లబ్బు పెట్టండి, సాహితీ సంఘం పెట్టండి, జూనియర్ రెడ్‌క్రాస్ పెట్టండి అని. తరవాత్తరవాత హరిత సేన కూడా వచ్చి చేరింది. ఏ హెడ్మాస్టరున్నా అన్నిటికీ ఎదురుగా రాసే పేరు ఒకటే. మిగతా మేమంతా సిలబస్సు అయిపోలేదని మొహాలు తిప్పుకునేవాళ్ళం. ఎవరికీ అక్కర్లేని ఆ క్లబ్బులన్నిటినీ కాశీరావు గారు మాత్రం పెళ్ళివారిని పిలిచినంత సంబరంగా అందుకునేవారు. శనివారం ఆఖరి రెండు పీరియడ్లూ ఆయనవి.

ఆయన నడిపిన తీరు చెప్తే నవ్వొస్తుంది. హరిత సేన పేరుతో ప్రహరీ పొడుగునా మునగమొక్కలు నాటించారు. ఊళ్ళోని మేకలన్నీ ఆ సేనలో చేరాయి. రెడ్‌క్రాస్ పేరుతో కట్లు కట్టడం నేర్పుతూ మా అటెండరు బసవయ్యని బల్ల మీద పడుకోబెట్టారు. పిల్లలు అతని రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లు కట్టేసి, అంత చక్కగా వచ్చినదాన్ని విప్పడానికి మనసొప్పక అలాగే ఉంచేశారు. గంట కొట్టేవాడు లేక ఆ రోజు నా పీరియడు ఎంతకీ తెమల్లేదు. పిల్లలు గిలగిల్లాడారు. నేను మాత్రం త్రికోణమితిలో ఒక అధ్యాయం పూర్తి చేసుకున్నాను. క్లబ్బుల వల్ల నాకు లాభం కలిగింది ఆ ఒక్కరోజే.

అన్ని క్లబ్బులూ ఒక ఎత్తు, నాటకం ఒక ఎత్తు. సాహితీ సంఘమంటే వ్యాసాలు రాయించి గోడ పత్రిక అంటించాలని కాగితంలో ఉండేది. కాశీరావు గారు దాన్ని పద్యనాటకం కింద మార్చేశారు. ఎందుకు మార్చారో తెలియాలంటే ఆయన చిన్నతనం కొంచెం చెప్పాలి.

ఆయనది పెడన. నేతవాళ్ళ కుటుంబం. తండ్రి పగలంతా మగ్గం గుంటలో కూర్చుని, చుట్టుపక్కల ఎక్కడ నాటకం పడినా కొడుకుని వెంటేసుకుని పోయేవాడట. ఆ పిచ్చి కొడుక్కి రెండింతలుగా అంటుకుంది. పదిహేడో ఏట ఇంట్లో చెప్పకుండా ఒక నాటక సమాజం వెనక పోయారు. పాడమన్నారు. ఈయన పాడారు. సమాజం పెద్ద చాలాసేపు ఆలోచించి, తెరతాడు తెచ్చి చేతిలో పెట్టాడు.

"రెండు వేసవులు తెర లాగానండీ," అని ఒకసారి భోజనాల దగ్గర నాకు చెప్పారు. "ఇటు తాడు పట్టుకుని నిలబడితే అటు జనం వన్స్‌మోర్ అని కేకలు. నాకు జనం కనపడరు, కేక మాత్రం వినపడుద్ది. నాకోసం ఒక్కసారి అలా అరిస్తే ఎలా ఉండుద్దో అనుకునేవాణ్ణండీ."

"మరి ప్రయత్నం చెయ్యలేదా మాస్టారూ?"

"నేనేం పాడతానండీ? నేను కూనిరాగం తీస్తే మా ఇంటావిడ లేచెళ్ళి తలుపేసుద్ది."

మా వైపు పద్యనాటకం ఎరగనివాళ్ళ కోసం ఈ వన్స్‌మోర్ సంగతి చెప్పాలి. నటుడు పద్యం ఎత్తుకుని, చివర రాగం తీసి వదులుతాడు. అది జనానికి నచ్చితే ఎవరో ఒకరు 'వన్స్‌మోర్' అని కేక పెడతారు. అంతే, కథ అక్కడ ఆగిపోవాలి. యుద్ధానికి బయల్దేరినవాడైనా, చావు బతుకుల్లో ఉన్నవాడైనా వెనక్కొచ్చి అదే పద్యం మళ్ళీ పాడాలి. పాడకపోతే జనాన్ని అవమానించినట్టే. కాశీరావు గారు పిల్లలకి మొట్టమొదట నేర్పేది ఈ మర్యాదే. "అడిగినవాళ్ళకి లేదనకూడదర్రా" అనేవారు. రిహార్సల్లో సగంమంది పాడితే మిగతా సగం వన్స్‌మోర్ అని అరవాలి. శనివారం సాయంత్రం పక్కగదిలో, క్లబ్బులకి పోని నలుగురికి సమీకరణాలు చెప్పుకునే నా గతి ఏమిటో మీరే ఊహించుకోండి.

పాడలేనివాళ్ళని కూడా ఆయన వదల్లేదు. అట్టపెట్టెల కింది మగ్గాన్ని బయటికి తీసి, బాగుచేసి, దాని మీద పిల్లల చేత నాటకానికి తెర నేయించారు. ఏడాదిపైన పట్టింది. ఎవరికి ఖాళీ దొరికితే వాళ్ళు కూర్చుని ఒక బెత్తెడు నేసేవాళ్ళు. ఒకడి చెయ్యి బిగువు, ఒకతె చెయ్యి వదులు. అంచు వంకరటింకరగా వచ్చింది. నేతవాళ్ళ వీధి పెద్దలు చూసి బుగ్గలు నొక్కుకున్నారు. కాశీరావు గారు మాత్రం ఏ వంకర ఏ పిల్లదో వేలు పెట్టి చూపిస్తూ మురిసిపోయేవారు.

ఇలా సాగుతుండగా రెండువేల రెండులో మా బడికి అంకమ్మరావు గారు హెడ్మాస్టరుగా వచ్చారు. మంచివారే, కాకపోతే నవ్వడం ఆయనకి బొత్తిగా అలవాటు లేదు. ఆయనది దివిసీమలో నాగాయలంక అవతల పల్లె. కాలవ చివర్న ఆరెకరాల పొలం. అందరి చేలూ తడిశాక మిగిలితే దక్కే నీళ్ళు. శనివారం సాయంత్రం ఊరెళ్ళి సోమవారం తిరిగొచ్చేవారు. సోమవారం ఆయన మొహం చూస్తే కాలవలో నీళ్ళెన్ని ఉన్నాయో మాకు తెలిసిపోయేది. ఆ ఏడు పైనుంచి నీళ్ళు రాలేదు. నారుమళ్ళు ఎండిపోయాయి. జూలై, ఆగస్టుల్లో ఆయన గదిలోకి వెళ్ళాలంటే మాకు దడ.

వచ్చీ రాగానే ఆయన పది ఫలితాల మీద పడ్డారు. విజయవాడ కార్పొరేట్ స్కూళ్ళ బస్సులు మా ఊరి దాకా వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోతున్న రోజులవి. ఆరో తరగతిలో రెండు సెక్షన్లు ఒకటైపోయాయి. మీటింగు పెట్టి, ఏం చేద్దామని అడిగారు. నేను లేచి, శనివారం ఆఖరి రెండు పీరియడ్లూ నాకిస్తే పదో తరగతికి స్పెషల్ క్లాసులు తీసుకుంటానన్నాను. అలా అడిగినందుకు నేనేం నొచ్చుకోవడం లేదు. ఇవాళ అడగమన్నా అడుగుతాను. భిన్నాలు కూడటం రాని పిల్లలు పద్యాలు పాడుకుంటుంటే నాకు ఒళ్ళు మండేది. నాకు ముక్కుమీద కోపమని అందరికీ తెలుసు.

కాశీరావు గారు చేతిలో కండువాని మడతలు పెడుతూ కూర్చున్నారు. ఆ రెండు పీరియడ్లూ పోతే బళ్ళో ఆయనకి పిల్లలు లేరు. రిటైరయ్యేదాకా చుక్కల మందు పెట్టె మోసుకుంటూ, జాబితాలు రాసుకుంటూ ఉండటమే. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

అంకమ్మరావు గారు కాశీరావు గారి వైపు తిరిగారు. "డిసెంబర్లో విజయవాడలో జిల్లా నాటక పోటీలున్నాయి. మన బడి ఫస్టు తెచ్చిందంటే ఊళ్ళో చెప్పుకోవచ్చు. ప్రైజు తెండి మాస్టారూ, మీ శనివారాలు మీవి. రాలేదంటే జనవరి నుంచి మేడమ్ గారివి. సరేనా?"

"సరేనండీ," అన్నారు కాశీరావు గారు.

ఏ నాటకం వెయ్యాలో పిల్లల్నే అడిగారట. అందరి ఇళ్ళల్లోనూ ఆ ఏడు ఒకటే గొడవ కాబట్టి నీళ్ళమీదే కథ అల్లుకున్నారు. కాలవ చివరి రైతు ఒక ముసలాయన. తూము దగ్గర కాపలా ఉండి తలుపు ఎత్తి దించే లస్కరు ఒకడు. ముసలాయన వచ్చి నీళ్ళు వదలమని అడుగుతాడు, లస్కరు ఆర్డరు లేదంటాడు, ఇద్దరికీ వాదం, చివరికి లస్కరు మనసు కరిగి తలుపెత్తుతాడు. అంతే కథ.

పదో తరగతి తేజేశ్వర్ లస్కరు. వాళ్ళ మావయ్య ఆటోనగర్‌లో మెకానిక్కు. పాత లారీ స్టీరింగు ఒకటి పంపించాడు. అదే తూము చక్రం. మగ్గం మీద మిగిలిన నూలుతో నీలంరంగు గుడ్డ పొడుగ్గా నేసి చుట్ట చుట్టారు. అది నీళ్ళు. తేజేశ్వర్ స్టీరింగు తిప్పగానే వెనకనుంచి చుట్ట వదిలితే అది దొర్లుకుంటూ స్టేజీ చివరిదాకా పరుచుకోవాలి.

ముసలి రైతు వేషం తొమ్మిదో తరగతి చౌడేశ్వరిది. నేతవాళ్ళ పిల్ల. పుట్టినప్పట్నుంచీ మగ్గం చప్పుడు మీదుగా మాట్లాడుకునే ఇల్లు కాబట్టి ఆ పిల్ల మంచినీళ్ళు అడిగినా వీధి చివరికి వినపడేది. తలపాగా చుట్టి, మీసం అంటించి, ముందుకు వంగి నడిస్తే ముందు నేనే గుర్తుపట్టలేదు.

పద్యాలు రాసింది తెలుగు పండితురాలు పద్మావతమ్మ గారు. ముసలాయన లస్కరుని అడిగే పద్యానికి నాలుగో పాదం ఆవిడ చాలా గంభీరంగా రాశారు. చౌడేశ్వరికి అది ఎన్నిసార్లు చెప్పినా నోరు తిరగలేదు. ఒక రోజు పద్యం మధ్యలో మరిచిపోయి, ఆగకూడదు కాబట్టి తోచింది పాడేసింది. పద్మావతమ్మ గారు కళ్ళజోడు తీసి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. గణాలు సరిపోయాయి. యతి కూడా కుదిరింది. తిట్టడానికి ఏమీ మిగల్లేదు పాపం. పద్యం అలాగే ఉండిపోయింది:

నీరు లేని చేను నెర్రెలిచ్చినదిరా
నారుమడిని చూసి నాకు నిదుర
రాదు, తూము తలుపు రవ్వంత తీయరా
లస్కరన్న, మాది లాస్టు పొలము!

పక్కగదిలో సమీకరణాల మధ్య అది వినపడినప్పుడల్లా నా చేతిలో సుద్దముక్క ఒక్క క్షణం ఆగేది. ఒప్పుకోక తప్పదు.

పోటీల నిబంధనల్లో ఒకటి పిడుగులా ఉంది. నాటకానికి పావుగంట టైము. గంట కొట్టేసరికి తెర పడాలి, పడకపోతే పోటీలో లేనట్టే. కాశీరావు గారి నాటకం సరిగ్గా పావుగంటకి ఒక ఊపిరి తక్కువ. బయల్దేరే ముందు రోజు ఆయన చౌడేశ్వరిని పిలిచి కూర్చోబెట్టారు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఆడపిల్లలున్నారు కాబట్టి తోడుగా వెళ్ళాల్సిన పని నా నెత్తిన పడింది.

"అమ్మాయ్, రేపు అక్కడ ఎవరన్నా వన్స్‌మోర్ అంటే పాడమాక. వినపడనట్టే ఉండు," అన్నారు.

ఆ పిల్ల తెల్లబోయింది. "అడిగినవాళ్ళకి లేదనకూడదన్నారు కదండీ మాస్టారూ!"

"అన్నాన్లే. రేపు ఒక్కరోజు లేదందాం. అయినా అక్కడ ఎవరంటారే? బెజవాడోళ్ళు. చప్పట్లు కొట్టి ఊరుకుంటారు."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. తెర మూట, స్టీరింగు, శ్రుతిపెట్టె, నీళ్ళ చుట్ట. కండక్టరు స్టీరింగు వైపు అనుమానంగా చూసి, డ్రైవరుకి పోటీగా ఎక్కారా ఏంటని అడిగాడు. ఉయ్యూరు దాటేదాకా పిల్లలు నవ్వుతూనే ఉన్నారు. కాశీరావు గారు మాత్రం కిటికీలోంచి కాలవని చూస్తూ కూర్చున్నారు. నాకు జాలేసింది. ప్రైజు వస్తే నాకు పీరియడ్లు పోతాయి, అయినా రావాలనే కోరుకున్నాను. మనసుకి లెక్కలు రావు.

హాలు పెద్దది, నిండా జనం. ముందు వరసలో ముగ్గురు జడ్జీలు, వాళ్ళ పక్కన గంటా గడియారం పెట్టుకుని ఒకాయన. మాకంటే ముందు వేసినవన్నీ పరిశుభ్రత మీదా ట్రాఫిక్కు మీదా చిన్న చిన్న నాటికలు. ఆ ట్రాఫిక్కు నాటికలో పిల్లలు నిజంగా బాగా చేశారు. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. ఒక్కరు కూడా వన్స్‌మోర్ అనలేదు. కాశీరావు గారు నా వంక చూసి, చూశారా అన్నట్టు తలాడించారు. ఆయనకి ధైర్యం వచ్చింది.

మా వంతు వచ్చింది. మా వంకర అంచు తెర కట్టారు. పద్మావతమ్మ గారు ఒక పక్కన శ్రుతిపెట్టె దగ్గర కూర్చున్నారు. కాశీరావు గారు ఇంకో పక్కన తాడు పట్టుకుని నిలబడ్డారు. నేను ఆయన వెనక, నీళ్ళ చుట్ట దగ్గర. తెర లేచాక పక్క తెరలోని కంత లోంచి జనంలోకి చూశాను. మూడో వరసలో అంకమ్మరావు గారు! విజయవాడలో ఏదో మీటింగుకి వచ్చి, ప్రైజు సంగతి తేల్చుకుపోదామని ఇటొచ్చి కూర్చున్నారు. మామూలు మొహమే, నవ్వు లేదు.

నాటకం చకచకా సాగింది. తేజేశ్వర్ స్టీరింగు మీద చెయ్యేసి, ఆర్డరు లేదు పొమ్మన్నాడు. చౌడేశ్వరి వంగి నడుచుకుంటూ స్టేజీ మధ్యకి వచ్చి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని, పద్యం ఎత్తుకుంది. రిహార్సల్లో వందసార్లు విన్న పద్యమే. ఆ రోజు మాత్రం చేతిలో నీళ్ళ చుట్ట ఉన్న సంగతే మరిచిపోయాను. 'లాస్టు పొలము' అని రాగం తీసి వదిలింది.

"వన్స్‌మోర్!"

ఆ కేక ఎవరిదో మా బళ్ళో పిల్లలెవరికీ చెప్పక్కర్లేదు. రోజూ పొద్దున అసెంబ్లీలో 'సావధాన్' అని అరిచే గొంతే. అంకమ్మరావు గారు కుర్చీలోంచి సగం లేచి ఉన్నారు. చెయ్యి పైకెత్తి ఉన్నారు. ఆయన కళ్ళు చూస్తే బడీ లేదు, పోటీ లేదు, ప్రైజూ లేదు. అక్కడున్నది నాగాయలంక అవతల ఆరెకరాల పొలం ఒక్కటే.

చౌడేశ్వరి స్టేజీ మధ్యలో రాయిలా నిలబడిపోయింది. పాడొద్దన్నది మాస్టారు. పాడమంటున్నది హెడ్మాస్టరు.  మెల్లగా తల తిప్పి కాశీరావు గారి వైపు చూసింది.

నేను ఆయన వెనకనుంచి గుసగుసగా, వద్దని చెప్పండి మాస్టారూ, టైము, టైము అంటూనే ఉన్నాను. ఆయన నా మాట విన్నట్టు లేదు. రెండు చేతులా తాడు పట్టుకుని, ఆ పిల్ల వంక చూసి, పాడమ్మా అని తలూపారు.

పాడింది. ఈసారి మొదటిసారికంటే బాగా పాడింది. ఆ పాటికి హాల్లో చాలామందికి ధైర్యం వచ్చినట్టుంది. చుట్టుపక్కల పల్లెలవాళ్ళే కదా సగంమంది. అటునుంచీ ఇటునుంచీ కేకలు, ఈలలు. ఆ గోల సద్దుమణిగి తేజేశ్వర్ నోరు తెరిచేసరికి గంట మోగింది.

నిర్వాహకుడొకాయన పరుగున వచ్చి, "తెర వెయ్యండి మాస్టారూ, తెర వెయ్యండి," అని కాశీరావు గారి భుజం పట్టుకున్నాడు.

"నీళ్ళు వదలనీండి సార్," అన్నారు కాశీరావు గారు.

"టైమైపోయిందండీ! డిస్‌క్వాలిఫై అవుతారు."

"అవనీండి. నీళ్ళు వదలకుండా తెర వేస్తే ఆ ముసలాయన ఇంటికెట్టా పోతాడు?"

తాడు వదల్లేదు. తేజేశ్వర్ తన నాలుగు మాటలూ నిదానంగా చెప్పి స్టీరింగు తిప్పాడు. నేను నీళ్ళ చుట్ట వదిలాను. కంగారులో గట్టిగా తోశాను కాబోలు, నీలం గుడ్డ స్టేజీ అంతా పరుచుకుని, అంచు దాటి కిందికి జారి, జడ్జీల బల్ల దాకా పోయింది. చౌడేశ్వరి వంగి ఆ గుడ్డని రెండు చేతులా తాకి కళ్ళకద్దుకుంది. అప్పుడు కాశీరావు గారు తెర వేశారు.

ఫస్టు ప్రైజు ట్రాఫిక్కు నాటికకి వచ్చింది. మాకు లెక్క ప్రకారం ఏమీ లేదు. అంకమ్మరావు గారు ఎటు వెళ్ళిపోయారో ఎవరూ చూడలేదు.

తిరుగు బస్సులో నేను ఆగలేకపోయాను. "ఎందుకండీ తలూపారు? చేతికొచ్చిన శనివారాలు మీ చేతులతో మీరే పారేసుకున్నారు!" అని గట్టిగానే అడిగాను.

"అడిగిన మనిషి శివారు రైతండీ," అన్నారు ఆయన తాపీగా. "నీళ్ళ పద్యం శివారు రైతు మళ్ళీ వింటానంటే ఎట్టా లేదంటాం?" చిన్నపిల్లాడిలా నవ్వారు. "అదీకాక, అది మా నాటకానికి వచ్చిన వన్స్‌మోరండీ. పక్కోళ్ళది కాదు."

సోమవారం స్టాఫ్ మీటింగు. అంకమ్మరావు గారు బల్లమీది పేపర్‌వెయిట్ తిప్పుతూ మొదలుపెట్టారు. "ప్రైజు వస్తే ఉంచుతానన్నాను. రాలేదు. కాబట్టి..."

"అంతేగదండీ. జనవరి నుంచి క్రాఫ్టు రూము తాళం మేడమ్ గారికి ఇస్తాను," అన్నారు కాశీరావు గారు. గొంతులో నిష్ఠూరం కూడా లేదు. అదే నా ఒళ్ళు మండించింది.

లేచి నిలబడ్డాను. "సార్, నాకు ఆ పీరియడ్లు కావాలి. ఇప్పుడు కూడా కావాలి. కానీ టైము ఎవరివల్ల దాటిందో కూడా ఒకసారి అనుకుంటే బాగుంటుంది. పావుగంటకి సరిపోయే నాటకంలో వన్స్‌మోర్ అన్నది ఎవరండీ?"

 పద్మావతమ్మ గారు నా చీర కొంగు పట్టుకుని కిందికి లాగుతున్నారు. అంకమ్మరావు గారు పేపర్‌వెయిట్ ఆపేశారు. నన్ను ఏ మూలకి బదిలీ చేయిస్తారోనని అందరూ చూస్తున్నారు.

"నేనేనమ్మా," అన్నారాయన చివరికి. "మా నాన్న ఆ తూముకాడ నుంచుని లస్కర్ని అట్టాగే అడిగేవాడు. నా చిన్నప్పుడు నేనూ పక్కనుండేవాణ్ణి. ఆ పిల్ల తలపాగా తియ్యంగానే మా నాన్నే వచ్చాడనిపించింది. నోరు నా మాట వినలేదు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత, మేము ఎన్నడూ చూడని పని ఒకటి చేశారు. నవ్వారు. "తప్పు నాది, శిక్ష మాస్టారికి ఎట్టా వేస్తాను? శనివారాలు ఎప్పట్లాగే ఆయనవే. మేడమ్ గారూ, మీరు రోజూ పొద్దున బడికంటే గంట ముందొచ్చి స్పెషల్ క్లాసు తీసుకోండి."

నా నోరే నా కొంప ముంచింది. ఆ రోజునుంచీ తెల్లారకుండా వంట చేసుకుని, మొదటి బస్సు పట్టుకుని పరిగెత్తడమే. ఆ ఏడు పది ఫలితాలు బాగానే వచ్చాయి. చౌడేశ్వరి ఆ మరుసటి ఏడు లెక్కల్లో గట్టెక్కింది. ఆ రెండిట్లో ఏది గొప్పదని అడిగితే నేను రెండోదే అంటాను.

అంకమ్మరావు గారు శనివారం ఊరెళ్ళే బస్సు ఎక్కేముందు క్రాఫ్టు రూము గుమ్మంలో ఆగడం మొదలుపెట్టారు. లోపలికి వచ్చేవారు కాదు. ఒక పద్యం విని, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయేవారు. తరవాత పోటీలకి ఆయన వస్తానంటే మాత్రం పిల్లలే వద్దనేవాళ్ళు.

రెండువేల ఆరు మార్చిలో కాశీరావు గారు రిటైరయ్యారు. బడి ముందు షామియానా వేశారు. చదువైపోయిన పిల్లలు కూడా చాలామంది వచ్చారు. తేజేశ్వర్ ఆటోనగర్ నుంచి గ్రీజు చేతులతో వచ్చాడు. చౌడేశ్వరి బందరు కాలేజీ నుంచి వచ్చింది. వేదిక మీద వెనక ఆ వంకర అంచు తెరే కట్టారు. మేమందరం మాట్లాడాం. పద్మావతమ్మ గారు ఆయన మీద పద్యాలు చదివారు. నేను కాస్త పొడుగ్గానే మాట్లాడాను. కళ్ళనీళ్ళు అడ్డం రాకపోతే ఇంకా మాట్లాడేదాన్నేమో. అంకమ్మరావు గారు తాను హెడ్మాస్టరుగా వేదిక మీద రెండు ముక్కలు చెప్పేసి, కిందకి దిగివెళ్ళి మూడో వరసలో కూర్చున్నారు. ఎందుకో మాకు అర్థం కాలేదు.

చివర్న కాశీరావు గారి వంతు. ఆయనకి మైకంటే భయం. ముప్పై ఏళ్ళకి పైగా అందర్నీ వేదిక ఎక్కించిన మనిషి, తాను మాత్రం పక్కనే నిలబడ్డ మనిషి. మైకు ముందుకొచ్చి, రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కండువా కొసలు పట్టుకున్నారు.

"నేను నేత మాస్టార్నండీ. ఈ బళ్ళో నేను నేత నేర్పింది తక్కువ. మీ పిల్లల్ని చూసి సంతోషపడిందే ఎక్కువ. అంతకంటే నాకేం కావాలండీ? ఉంటాను మరి."

సన్నటి గొంతు. చివరి మాట సగం వినపడలేదు. దణ్ణం పెట్టి గబగబా కుర్చీ వైపు తిరిగారు.

"వన్స్‌మోర్!"

మూడో వరసలోంచి వచ్చింది. అంకమ్మరావు గారు లేచి నిలబడి, చెయ్యి పైకెత్తి ఉన్నారు. మరుక్షణం చౌడేశ్వరి ఆ వీధి చివరి గొంతుతో అందుకుంది. ఆ తరవాత షామియానా కింద ఉన్న ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ. నేనూ అరిచాను. జీవితంలో మొదటిసారి అరిచాను, అంత బిగ్గరగా అరుస్తానని నాకే తెలియదు.

కాశీరావు గారు కుర్చీ పట్టుకుని నిలబడిపోయారు. వెనక్కి తిరిగి చూశారు, ఇంకెవర్నో అంటున్నారేమోనని. అక్కడ తెర తప్ప ఎవరూ లేరు. కళ్ళనిండా నీళ్ళు. కానీ అడిగినవాళ్ళకి లేదనకూడదని నేర్పింది ఆయనే కదా. మెల్లగా మైకు దగ్గరికి వచ్చి, గొంతు సవరించుకుని, నేను నేత మాస్టార్నండీ అంటూ మొదటినుంచి మళ్ళీ చెప్పారు.

అప్పటికి బడి వదిలే లాంగ్ బెల్ టైము దాటిపోయింది. బసవయ్య గంట దగ్గర సుత్తి పట్టుకుని నిలబడి వింటున్నాడు.